కావలికుక్క కాటు – స్వామి బాధ్యత : నౌపడ, ఉద్దాన ప్రాంతములను పురస్కరించుకొని ఒక చారిత్రక పరిశీలనము

శ్రీకాకుళము జిల్లా సంతబొమ్మాళి మండలమునందలి నౌపడ ఉప్పుమళ్ళకు ప్రసిద్ధమైన ఊరు. అచ్చటినుండి పర్లాకిమిడికి 1900లో సంస్థానమువారు చిన్న రైలుమార్గమును వేయించిరి. నౌపడకు ఈశాన్యముగా, పలాస, వజ్రపుకొత్తూరు, సోంపేట వైపున సముద్రతీరము వెంబడి వ్యాపించిన తోటల సీమ ఉద్దానము. ఈ పేరు ఉద్యానశబ్దమునుండి కలిగినదని ప్రసిద్ధి. కొబ్బరి, జీడిమామిడి, పనస ఇచ్చటి ముఖ్యఫలములు. ఉప్పుకొఠారునకు కావలి కావలెను. తోటకును కావలి కావలెను. కావలివాడున్నచోట సాధారణముగా కుక్కయు నుండును.

ఆ కుక్క దొంగను కరచిన మెచ్చుకొందుము. దారిని పోవు కూలిదానినో, చదువుకొనుటకు పోవు పిల్లవానినో కరచినచో ఎవరు బాధ్యులు? తోటకు స్వామి ఒకడు. కుక్కకు అన్నము పెట్టువాడు మరియొకడు. మొదటివాడు పలాసలోనో విశాఖపట్టణములోనో ఉండును. రెండవవాడు తోటలోని పాకలో ఉండును. ఈ ఇద్దరిలో చట్టము ఎవరిని చూచినది? కాలక్రమమున ఈ చూపు ఎట్లు మారినది? ఈ ప్రశ్నను మేము ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

1

మన ధర్మశాస్త్రములలో ఈ విషయము వ్యవహారభాగమున కనబడును. యాజ్ఞవల్క్యస్మృతి ప్రకారము, కోరలుగల జంతువుగాని కొమ్ములుగల జంతువుగాని మనుష్యుని బాధించుచుండగా, విడిపింప శక్తి యుండియు విడిపింపని స్వామి ప్రథమసాహస దండమును చెల్లింపవలెను. బాధపడువాడు రక్షింపుమని కేకవేసినను ఉపేక్షించినచో దండము రెట్టింపగును. అర్థశాస్త్రమునను ఇట్టి విధియే కలదు. యాజ్ఞవల్క్యుని లెక్కలో ఉత్తమసాహసము 1080 పణములు, మధ్యమము 540, ప్రథమము 270. కాబట్టి కేక విని కదలని స్వామికి 540 పణముల దండము.

ఇందు రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, స్మృతికర్త దోషమును జంతువునందు గాక స్వామియొక్క ఉపేక్షయందు చూచినాడు. కుక్క కరచుట నేరము కాదు; కరచుచుండగా చూచి యూరకుండుట నేరము. రెండవది, ఈ దండము రాజునకు చేరునది. గాయపడినవానికి దక్కునది వేరు. దండపారుష్య ప్రకరణమున ఒకనికి బాధ కలిగించినవాడు అతని చికిత్సకైన ఖర్చును, అనగా సముత్థానవ్యయమును, ఇయ్యవలెనని చెప్పబడినది. శిక్షను, పరిహారమును వేరుగా నెంచు దృష్టి ప్రాచీనులకు లేకపోలేదు.

మరియొక విధి ఇంకను ఆసక్తికరము. చతుష్పాత్తు వలన హాని కలిగినప్పుడు, దానిని నడుపువాడు ముందుగా ‘అపైహి’, అనగా ‘తొలగుము’, అని అరచియున్నచో అతనికి దోషము లేదు. హెచ్చరిక బాధ్యతను తొలగించును. కాని ఆ హెచ్చరిక నోటిమాట. దారిని పోవువాని చెవిని పడునట్టిది. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొందురుగాక.

స్వామికిని పశువులను కాచువానికిని నడుమ బాధ్యతను పంచుట స్వామిపాలవివాదమను ప్రకరణమున జరిగినది. పశువులు పరుల చేను మేసినప్పుడు కాపరికి దెబ్బలు, స్వామికి ధనదండము. కాపరి యున్నాడను కారణమున స్వామి తప్పించుకొనుటకు వీలులేదు. ఈ సూత్రము మా చర్చకు మూలాధారము.

యాజ్ఞవల్క్యమునకు విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరావ్యాఖ్య ఆధారముగా 13వ శతాబ్దమున కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ను తెలుగున పద్యరూపమున వెలయించెను. ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్తకాండములుగల ఈ కృతివలన వ్యవహారధర్మము తెలుగు పలుకులలోనికి దిగినది. న్యాయపరిభాష తెలుగునకు క్రొత్త యనువారు ఈ గ్రంథమును స్మరింపవలసియున్నది.

భారతకథారంభముననే ఒక కుక్క వ్యాజ్యమున్నది. జనమేజయుని యాగశాలకు వచ్చిన సరమకొడుకును రాజసోదరులు కొట్టగా, సరమ వచ్చి తన బిడ్డ చేసిన తప్పేమని యడిగి, ఉత్తరము లేకపోగా, ఊహింపని భయము కలుగునని శపించినది. నన్నయ తెనిగించిన ఈ కథలో దండమునకు ముందు దోషవిచారణ ఉండవలెనను న్యాయమున్నది. బాధ్యత కుక్కవైపునుండి మనుష్యునకే గాక, మనుష్యునివైపునుండి కుక్కకును కలదు.

లోకములో వ్యాపించిన సామెత మాత్రము వేరు. ‘కుక్కకాటుకు చెప్పుదెబ్బ’ అని మనవారందురు. ఇది స్వామిని విడిచి జంతువుపైననే తీర్పు చెప్పుచున్నది. అక్కడికక్కడే చెల్లు! బలవంతుని కుక్క కరచినప్పుడు బలహీనునకు దక్కు ప్రతిక్రియ ఈ చెప్పుదెబ్బ యొక్కటేయని ఈ సామెత సూచించుచున్నట్లు మాకు తోచుచున్నది.

2

ఆంగ్లేయుల పాలనలో నౌపడ మద్రాసు రాజధానియందలి గంజాము జిల్లాలో నుండెను. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు ఈ భాగము విశాఖపట్టణము జిల్లాలో చేరినది; 1950లో శ్రీకాకుళము జిల్లా యేర్పడినది. పాలనాహద్దు లెన్ని మారినను నేరవిషయమున అమలులో నున్నది ఒక్కటే, 1860 నాటి భారత శిక్షాస్మృతి. 1837లో మెకాలే ప్రభృతులు సిద్ధపరచిన చిత్తుప్రతి దీనికి మూలము. అమలు 1862లో ప్రారంభమైనది.

ఆ స్మృతిలో 289వ సెక్షను మన విషయమునకు ముఖ్యమైనది. తన స్వాధీనమందున్న జంతువు వలన మనుష్యప్రాణమునకుగాని, తీవ్రమైన గాయమునకుగాని సంభవింపగల అపాయమును నివారించుటకు చాలినంత జాగ్రత్తను తెలిసిగాని అజాగ్రత్తవలనగాని తీసికొననివానికి ఆరునెలలవరకు ఖైదు, వేయి రూపాయలవరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. ఇచ్చట కరచుట జరిగియుండవలెనను నియమము లేదు. జాగ్రత్త లేకుండుటయే నేరము.

కుక్కను ఉసికొల్పుట వేరు నేరము. 350వ సెక్షను క్రింది ఉదాహరణలలో, బాధించునుద్దేశముతో ఒకనిపైకి కుక్కను ఉసికొల్పువాడు నేరపూరిత బలప్రయోగము చేసినవాడగునని చెప్పబడినది. 351వ సెక్షనులోని ఉదాహరణము మరింత సూక్ష్మము: ఎదుటివానికి భయము పుట్టునట్లు క్రూరమైన కుక్కమూతికి కట్టిన చిక్కమును విప్పబోవుటయే దౌర్జన్యము. 324వ సెక్షను జంతువు ద్వారా గాయపరచుటను ప్రమాదకరమైన ఆయుధముతో గాయపరచుటతో సమానముగా నెంచినది. అనగా ఉసికొల్పబడిన కుక్క యజమానిచేతి కత్తివంటిది.

స్మృతికిని ఈ శిక్షాస్మృతికిని ఒక పదభేదమున్నది. యాజ్ఞవల్క్యుడు ‘స్వామి’ యనెను. 289వ సెక్షను ‘స్వాధీనమందున్న’ యనినది. స్వామిత్వమును స్వాధీనమును ఒకటి కావు. తోటలోని పాకలోనున్న కావలివానికి కుక్క స్వాధీనములో నున్నదని, పట్టణమునందలి స్వామికి లేదని వాదించుటకు ఈ పదము తావిచ్చును. అట్లైనచో కాపరికి దెబ్బలు మిగిలి, స్వామి దండము మాయమగును. రెండువేల యేండ్లనాటి సూత్రములో సగము తెగిపోవును.

3

ఈ లోటును నష్టపరిహారన్యాయము కొంతవరకు పూడ్చుచున్నది. మన సివిలు న్యాయస్థానములు ఈ విషయమున ఆంగ్లన్యాయసూత్రములను గ్రహించినవి. వాని ప్రకారము కుక్క స్వభావముచేత సాధుజంతువు. కావున దాని దుష్టస్వభావమును యజమాని యెరిగియుండుట ఋజువైనగాని బాధ్యత కలుగదు. పెంపుడుకుక్కకు ఈ నియమము ఉపకరించును. కావలికుక్క మాట వేరు. కరచునను నమ్మకముతోనే దానిని పెంచినవాడు, అది కరచునని నాకు తెలియదని చెప్పుట చెల్లదు. కావలియను ప్రయోజనమే ఎరుకకు సాక్ష్యము. ఆ ఎరుక ఋజువైనప్పుడు అజాగ్రత్తను వేరుగా నిరూపింప నక్కరలేదు. అజాగ్రత్త నాధారముగా తెచ్చిన దావాలోనైనను, సేవకుడు తన పనిలో చేసిన తప్పునకు యజమాని ఉత్తరవాదియను సూత్రముచేత కావలివాని వెనుకనున్న స్వామి బయటపడును.

1830లో ఇంగ్లాండులో సార్చ్ – బ్లాక్‌బర్న్ వ్యాజ్యమున కుక్క యున్నదని పలక కట్టియున్నను, గాయపడినవానికి చదువు రాదు. ఆస్తిరక్షణకై క్రూరమైన కుక్కను పెంచు హక్కు మనుష్యునికి కలదనియు, న్యాయమైన పనిమీద వచ్చువాని దారిలో దానినుంచు హక్కు లేదనియు ప్రధానన్యాయాధిపతి టిండాల్ నిర్ణయించెను. యాజ్ఞవల్క్యుని ‘అపైహి’ వినబడు హెచ్చరిక. పలక చదువబడు హెచ్చరిక. తెలుగు, ఒడియా మాటలాడువారు కలసి పనిచేయు ఉద్దానమున, అక్షరము రాని కూలివారు అనేకులు తిరుగు తోటలో, ఒక పలకను వ్రేలాడదీసి బాధ్యత తీరినదనుట సరికాదు.

అపాయకరమైన దానిని తన భూమిలో నుంచుకొన్నవాడు ఏ పరిమితిలో బాధ్యుడను ప్రశ్న తెలుగుసీమనుండియే ప్రీవీకౌన్సిలు వరకు పోయినది. కార్వేటినగరము జమీందారు చెరువులు తెగి మద్రాసు రైల్వేకంపెనీ మార్గమునకు నష్టము కలుగగా కంపెనీ దావా వేసెను. చెరువులు ప్రజల సేద్యమునకు అనాదిగా నున్నవనియు, వానిని తీసివేయు స్వాతంత్ర్యము జమీందారునకు లేదనియు, అజాగ్రత్త ఋజువు కానిది అతడు బాధ్యుడు కాడనియు 1874లో తీర్పు వచ్చినది. ఈ తీర్పును మేము తలక్రిందుగా చదువుచున్నాము. చెరువు లోకమునకు; కావలికుక్క స్వామి యొక్కని లాభమునకు. దానిని పెంచవలెనను విధి అతనికి లేదు. కావున జమీందారునకు దొరకిన రక్షణ తోటస్వామికి దొరకదు.

4

కాటు విలువను మార్చినది వైద్యశాస్త్రము. చిన్న కాటువలననే పిచ్చికుక్కవ్యాధి సోకవచ్చుననియు, లక్షణములు కనబడిన పిమ్మట మరణము దాదాపు నిశ్చయమనియు నెరిగిన తరువాత, ప్రతి కాటును ప్రాణాపాయముగా నెంచవలసివచ్చినది. 1885లో పాశ్చరు టీకా వచ్చినది. మన దేశమున 1900లో కసౌలీలోను, 1907లో కూనూరులోను పాశ్చరు సంస్థలు వెలసినవి. నౌపడవాసికి కూనూరు మద్రాసునకు ఆవల, నీలగిరులపై నున్న దూరదేశము. తరువాత నాడీకణజాలముతో చేసిన సెంపుల్ టీకా దూరమును తగ్గించినను, పొట్టపై వరుసగా పొడిచెడి ఆ సూదుల బాధ పెద్దల జ్ఞాపకములో నింకను కలదు. దాని తయారీ మన దేశమున 2004లో నిలిచిపోయినది. నేడు కాటుపడిన వెంటనే సబ్బునీటితో పావుగంట కడిగి, ఆ దినముననే టీకా ప్రారంభింపవలెను. ఈ దినములలో కోల్పోయిన కూలి, ప్రయాణఖర్చు, చికిత్స – ఇవియే నేటి సముత్థానవ్యయము.

5

2024 జూలై 1వ తేదీనుండి భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చినది. 289వ సెక్షను ఇప్పుడు 291వది, ఖైదు మారలేదు, జరిమానా పరిమితి అయిదువేల రూపాయలైనది. 1860లో వేయి రూపాయలు గొప్ప మొత్తము. నేటి అయిదువేలు ఒక తోటస్వామికి భారము కాదు. ‘స్వాధీన’పదము మాత్రము మారలేదు.

1960 నాటి జంతుహింసానివారణచట్టము మరియొక హద్దు గీచినది. మితిమీరి పొట్టిదియైన లేక బరువైన గొలుసుతో జంతువును అనుచితమైన కాలము కట్టియుంచుటయు, ఎల్లప్పుడు కట్టియుంచు కుక్కను తగినట్లు తిప్పకుండుటయు నేరములు. విడిచిన మనుష్యునకు అపాయము. విడువకున్న కుక్కకు హింస. రెంటి నడుమ మార్గమున్నది: ఎత్తైన కంచె, మూసిన తలుపు, పగలు కట్టుట, రాత్రి కంచెలోపల విడుచుట, ఏటేట టీకా. ఈ పనులన్నిటికిని ధనము కావలెను. ఆ ధనము కావలివాని వద్ద లేదు.

2023 జనవరిలో హైదరాబాదు బంజారాహిల్సునందు ఆహారము అందించుటకు వచ్చిన యువకుడు, ఇంటి కుక్క మీదికి రాగా భయపడి మూడవ అంతస్తునుండి పడి, తరువాత మరణించెను. పోలీసువారు యజమానిపై 304-ఎ సెక్షను క్రింద కేసు నమోదుచేసిరి. పంటిగాటు లేకయే ప్రాణము పోవచ్చునని ఈ దుర్ఘటన తెలుపుచున్నది. పిలిచి రప్పించినవాని గుమ్మములోనే ‘తొలగుము’ అను మాట వినబడకపోయినది.

ఉద్దానమున కుక్క అనావశ్యకమని మేము చెప్పుట లేదు. 2022 జూనులో వజ్రపుకొత్తూరు మండలము కిడిసింగి పరిసరములలో ఎలుగుబంటి జనులపై పడినది. అట్టి సీమలో రాత్రి తోట కాచువానికి కుక్క తోడు. ఎలుగుబంటికి స్వామి లేడు గనుక గాయపడినవాడు ప్రభుత్వమువైపు చూచును. కుక్కకు స్వామి కలడు.

ఇంతవరకు చెప్పిన దానినిబట్టి మా నిర్ణయ మిది. స్మృతులు కాపరిని స్వామిని ఇరువురను పట్టుకొన్నవి. శిక్షాస్మృతి స్వాధీనపదముచేత కాపరిని ముందుంచి స్వామిని నీడలో నిలిపినది. పరిహారన్యాయము స్వామిని వెలికితీయగలదుగాని, దానికి దావా వేయు శక్తి గాయపడినవానికి ఉండవలెను. ఆ శక్తి జీడితోట కూలికి అరుదు. కావున స్వాధీనమను పదమును వ్యాఖ్యానించునప్పుడు, కుక్క ఎవరి ఆస్తిని కాయుచున్నదో వారి స్వాధీనమందును అది యున్నట్లే యెంచుట న్యాయమని మా యభిప్రాయము. అన్నము పెట్టిన చేతిని మాత్రమే కాక, కావలివలన లాభము పొందిన చేతినికూడ చట్టము చూడవలెను. లేనిచో కూలికి కుక్కకాటు, కావలివానికి ఖైదు, స్వామికి కొబ్బరికాయలు దక్కును. కుక్కకు మాత్రము యథాప్రకారము చెప్పుదెబ్బ.