తూర్పు ద్వారమునుండి శ్రీశైలయాత్ర

శ్రీశైలమునకు ఉత్తరమున ఉమామహేశ్వరము, పడమట అలంపురము, దక్షిణమున సిద్ధవటము ద్వారములు కాగా, తూర్పు ద్వారమన్న ఖ్యాతి మార్కాపురసీమలోని త్రిపురాంతకమునకు దక్కినది. ఆ కొండమీది దేవళమున కాయస్థ అంబదేవుడు 1290లో శాసనము వేయించెను. అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలాహోబిలములకు సోపానములు కట్టించెను. అనవేమారెడ్డి 1377లో శ్రీశైలమున వీరశిరోమండపమును నిర్మించెను. అయినను వ్యాఘ్రభయముగల నల్లమలలో కాలినడక ఒంటరివాని పని కాదు. యాత్రికులు గుంపులు కట్టియే కదలెడివారు.

ఈ కాలినడక యాత్రను నేటి కొండదారుల పరుగుతో పోల్చి చూడవచ్చును. కొండదారుల మారథానునకు పూనుకొన్న పరుగరి, పందెమునకు ముందటి వారములలో సాధనను క్రమముగా తగ్గించి దేహమునకు విశ్రాంతి నీయవలెను. ఆ దినములే పండుగదినములైనచో, చుట్టముల విందులకును తన నియమమునకును పొత్తు కుదుర్చుట అతనికి చిక్కైన పని. శివరాత్రి యాత్రలో ఆ చిక్కునకు తావు తక్కువ. ఏలయన పండుగయే ప్రయాణమై, శివదీక్షాపరుని మితాహారమును భూశయనమును ఇల్లంతయు నెరిగిన వ్రతమగుటచే, విస్తరిముందు బలవంతపెట్టు బంధువు లుండరు. పెక్కుమారులు ఆ బంధువులే తోడునడచువారగుదురు.

దోర్నాలనుండి బస్సులు కనుమ నెక్కుచున్న ఈ కాలమునను శివరాత్రికి కొందరు అడవిదారినే నడచుచున్నారు. ఉగాదికి కన్నడదేశపు భక్తులును కాలినడకనే వచ్చుచున్నారు.