ఇమ్మానుయేలు

హీబ్రూలో ‘ఇమ్మాను’ అంటే మనతో, ‘ఏల్’ అంటే దేవుడు. రెండూ కలిసి ఇమ్మానుయేలు: దేవుడు మనకు తోడు.

ఈ పేరు భయంలో పుట్టింది. క్రీ.పూ. 8వ శతాబ్దంలో సిరియా, ఇశ్రాయేలు రాజులు ఏకమై యెరూషలేము మీదికి వస్తే యూదా రాజు ఆహాజుకు గుండె జారిపోయింది. అప్పుడు యెషయా ప్రవక్త, పుట్టబోయే ఒక శిశువును గుర్తుగా చెప్పి ఈ పేరు పలికాడు. మత్తయి తన సువార్త మొదటి అధ్యాయంలోనే దాన్ని యేసుకు అన్వయించాడు. అదే సువార్త ఆఖరి వాక్యంలో యేసు సదాకాలం తోడుంటానని శిష్యులకు మాటిస్తాడు. సువార్త అంతా ఈ రెండు కొసల మధ్యే నడుస్తుంది.

తోడు ఎలా ఉంటుందో లూకా చూపించాడు: సత్రంలో చోటు దొరకని తల్లి, పొత్తిగుడ్డలు, పశువుల తొట్టి. సాయం పంపి ఊరుకోకుండా దేవుడు తానే వచ్చాడు, అదీ పసిగుడ్డుగా. క్రిస్మస్ లోతంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది.

మన తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ఇమ్మానుయేలు పిల్లల పేరు, ఊళ్లలో చర్చిల పేరు. ఆ పేరులోని తోడు మన చేతల్లోనూ కనిపించాలి. అందుకే ఇంటి ముందు స్టార్ కట్టే ప్రతి ఒక్కరికీ విన్నపం: ఈసారి క్రిస్మస్ ఆరాధన అయ్యాక, మీ వీధిలో ఒంటరిగా ఉంటున్న వాళ్లింటికి వెళ్లి కాసేపు కూర్చోండి.