పేకముక్కల దావా

ఒక వస్తువును చేయుటకును అమ్ముటకును ఒక్కనికే యధికార మిచ్చుట న్యాయమా? ఈ ప్రశ్నయే నేడు పెద్ద కంపెనీల వకీళ్లకు జీవనాధారమై యున్నది. దీని మూలమును వెదకబోయినచో మనము ఎలిజబెత్తు రాణి నాటి లండనులో పేకముక్కల యంగడికి చేరుదుము. పేక ముట్టరాదని యేండ్ల తరబడి పిల్లలకు బోధించిన నేను ఆ ముక్కలనుగూర్చియే మీతో ముచ్చటింపవలసి వచ్చినది!

ఆ రాణి తన యాస్థానికులకు ధనమునకు బదులు వ్యాపారపు పట్టా లిచ్చుచుండెను. ఉప్పునకును, బట్టలకు పెట్టు గంజికిని సైతము పట్టాదారు లుండిరి. 1601 లో పార్లమెంటునందు ఆ జాబితా చదువుచుండగా హాక్విల్ అను సభ్యుడు లేచి, అందులో రొట్టె లేదా యని యడిగెను. రాణి కొన్ని పట్టాలను రద్దుచేసి, తక్కినవాని మంచిచెడ్డలను న్యాయస్థానములకు విడిచెను.

1598 లో ఎడ్వర్డు డార్సీ అను రాణిగారి యంతఃపుర సేవకుడు, ఏటికి సుమారు 67 పౌనులు చెల్లించు నొడంబడికపై, పేకముక్కలకు 21 సంవత్సరముల పట్టా పొందెను. థామస్ అలెన్ అను వర్తకుడు దానిని లక్ష్యపెట్టక 80 గ్రోసుల ముక్కలు చేయించెను. డార్సీ దావా వేసెను. 1602 లో అతని పక్షమున వాదించినవాడు అటార్నీ జనరలు ఎడ్వర్డు కోక్. పేక వ్యర్థవ్యసనము గనుక దానిని అదుపుచేయు నధికారము రాణికి గలదని యా పక్షమువారి వాదము. చేతిపని పనివాని జీవనము, దానిని హరించు పట్టా చెల్లదని అలెన్ వకీలు ఫుల్లరు వాదించెను. అలెన్ గెలిచెను.

వింత యిక మీదట నున్నది. ఓడిన వకీలే యా తీర్పును గ్రంథస్థము చేసెను. గుత్తవలన ధర పెరుగును, సరకు చెడును, పనివారు బిచ్చగాండ్రగుదురు అని 1615 లో ప్రకటించిన తన పదునొకండవ సంపుటమున వ్రాసెను. పూర్వపక్షమును పటిష్ఠముగా చెప్పగలవాడే సిద్ధాంతమున కర్హుడని మా గురువులు చెప్పెడివారు. కోక్ అట్టివాడో, గాలివాటు చూచినవాడో శ్రోతలే నిర్ణయింతురు గాక. 1616 లో రాజు వానిని ప్రధాన న్యాయాధిపతి పదవినుండి తొలగించిన సంగతియు మఱవరాదు.

1624 లో పార్లమెంటు గుత్తల నెల్ల చెల్లనివిగా శాసించినపుడు ఆ శాసనమునకు కోక్ ముఖ్య సూత్రధారులలో నొకడు. అందొక ద్వారము మాత్రము తెఱచియుంచిరి: క్రొత్త పనితనమును మొదట కనిపెట్టినవానికి 14 ఏండ్ల యధికారము. శిష్యుడు పని నేర్చుకొను గడువు ఏడేండ్లు. దానికి రెట్టింపని దీనికి వ్యాఖ్య. ఈ లెక్క నా కెంతయు నింపైనది. గుత్తవలన నష్టపడినవానికి మూడురెట్ల పరిహారమును విధించిరి. 1890 నాటి అమెరికా షెర్మన్ చట్టమునను అట్టి నియమమే కలదు. మన దేశమున 1856 నాటి చట్టము ఆ 14 ఏండ్లనే గ్రహించెను. ఇప్పుడు పేటెంటునకు 20 ఏండ్లు. గుత్తల విచారణకు 2002 నాటి కాంపిటీషన్ చట్టము వేఱుగా నున్నది. అందుచేత నేటి వకీలు ఒక కక్షిదారునికొఱకు గుత్తను కాపాడుచు, మఱియొకనికొఱకు గుత్తను ఛేదించుచు, కోక్ నడచిన రెండు బాటలను నిత్యము నడచుచున్నాడు.

ముద్రణమును మాత్ర మా శాసనము తన వెలుపల నుంచెను. గ్రంథకర్తలు 1710 వఱకు వేచియుండవలసి వచ్చెను. అప్పుడు క్రొత్త పుస్తకమునకు లభించిన గడువును 14 ఏండ్లే; కర్త జీవించియున్నచో మఱి 14.