కొనేవాడు ఒక్కడే మిగిలిన తీరం

1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ పులికాట్ రేవుకు వచ్చింది. అప్పటికే అక్కడ పాతుకున్న డచ్చివాళ్ళు కొత్తవాళ్ళను బేరం దరిదాపుల్లోకి రానివ్వలేదు. ఓడ ఉత్తరానికి సాగి ముందు నిజాంపట్నంలో, తర్వాత మచిలీపట్నంలో లంగరు వేసింది. అందులో వచ్చిన పీటర్ ఫ్లోరిస్ గోల్కొండ రాజ్యపు రేవుల్లో బట్టలు కొని మూటలు కట్టించాడు. ఆ మూటలు లండన్‌కు పోలేదు. పటానీ, సయాం రేవుల్లో అమ్మడానికే కొన్నారు. ఈ చిన్న సంగతి దగ్గర కాసేపు ఆగాలి. తూర్పు సముద్రమంతటా అప్పట్లో మన బట్టే డబ్బు. మొలక్కస్ దీవుల్లో లవంగాలు పండించేవాడికీ, బాందా దీవుల్లో జాపత్రి ఒలిచేవాడికీ ఐరోపా నుంచి వచ్చే సరుకులతో పెద్దగా పనిలేదు. వాళ్ళకు కావలసింది మన కోరమాండల్ తీరపు బట్ట. ఆ దీవులకు ఈ తీరం ఎడమ చెయ్యి వంటిదనీ, ఇక్కడి బట్ట లేకపోతే అక్కడి వ్యాపారం చచ్చిపోతుందనీ 1612లోనే డచ్చి అధికారి హెండ్రిక్ బ్రోవర్ తన పైవాళ్ళకు చెప్పాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1610లో, డచ్చి ఈస్టిండియా కంపెనీ తన వాటాదార్లకు తొలి లాభం పంచినప్పుడు చాలావరకు నగదు ఇవ్వలేదు, జాపత్రి ఇచ్చింది. ప్రపంచంలో మొదటి షేర్ మార్కెట్ అని మనం చెప్పుకునే ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక వాటాదారు ఇంటికి మోసుకుపోయిన సుగంధ ద్రవ్యం వెనక, కృష్ణా గోదావరి తీరాల్లో గుంటమగ్గం మీద కూర్చున్న మనిషి శ్రమ ఉంది.

1602లో పుట్టిన ఆ కంపెనీ వాటాలు పుట్టిన కొద్ది కాలానికే చేతులు మారడం మొదలుపెట్టాయి. 1609లో ఐజాక్ లె మేర్ అనే వర్తకుడు మరికొందరితో కలిసి, తన దగ్గర లేని వాటాలను ముందే అమ్మి ధర పడగొట్టే ప్రయత్నం చేశాడు. మరుసటి ఏడాది డచ్చి ప్రభుత్వం ఆ పద్ధతిని నిషేధించింది. ఆర్థిక చరిత్ర పుస్తకాలు ఈ కథను కొత్త ఆర్థిక మేధకు ఆరంభంగా చెబుతాయి. ఆ మేధ నడవడానికి వెండి కావాలి. 1545లో స్పెయిన్ వాళ్ళ చేతికి చిక్కిన పొటోసి కొండ, ఆ తర్వాత పాదరసంతో వెండి తీసే పద్ధతి, వీటి వల్ల దక్షిణ అమెరికా నుంచి వెండి వరదలా ఐరోపాకు వచ్చింది. ఐరోపా దగ్గర మనం కొనదగ్గ సరుకు పెద్దగా లేదు కాబట్టి ఆ వెండే ఓడలెక్కి తూర్పుకు ప్రయాణం చేసింది. డచ్చివాళ్ళు జపాన్ నుంచి కూడా వెండి తెచ్చారు. 1668లో జపాన్ వెండి ఎగుమతి ఆపేశాక అక్కడి బంగారం తెచ్చారు. గోల్కొండలో చెలామణి అయ్యేది బంగారు వరహా. కాబట్టి ఓడ దిగిన లోహం ముందు షరాబు త్రాసులోకి వెళ్ళి, అక్కడ కరిగి, వరహాగా మారి, దళారి చేతి మీదుగా నేతవాడకు చేరేది. అందుకే మచిలీపట్నం షరాబు వాడను ఆనాటి ప్రపంచ ద్రవ్యవిపణిలో ఒక ముఖ్యమైన ముడిగా నేను చూస్తాను.

మరి ఆ వెండి బంగారాలు తెచ్చిన శక్తి ఎవరిది? చాలామంది చెప్పే జవాబు ఒకటుంది. మన నేతగాడి చేతిలో అద్భుతమైన పనితనం ఉంది, ఆ పనితనమే గెలిచింది, చివరకు మాంచెస్టర్ యంత్రం వచ్చి దాన్ని ఓడించింది. ఇందులో కొంత నిజముంది కానీ అసలు విషయం జారిపోయింది. పనితనం కొనేవాణ్ణి బేరానికి తీసుకొస్తుంది, బేరంలో ఎవరి మాట చెల్లుతుందో అది తేల్చదు. మన నేతగాళ్ళ మాట చెల్లినంత కాలం చెల్లడానికి కారణం, ఒకే బట్టకు వాకిట్లో పదిమంది బేరగాళ్ళు ఉండటం. యంత్రం మన గడప తొక్కక ముందే ఆ పదిమంది ఒక్కరయ్యారు. ఆ పని చేసింది చట్టం, ఫిరంగి.

ముందు పనితనం సంగతి చూద్దాం, ఎందుకంటే దాని విలువ తెలియకపోతే పోయినదేమిటో తెలియదు. పెడన, మచిలీపట్నాల అద్దకంలో బట్టను ముందు పేడనీళ్ళలో నానబెట్టి, ఏటి ఒడ్డున ఎండలో ఆరేసి, మళ్ళీ మళ్ళీ తడిపి తెల్లబరిచేవారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచేవారు. పాలలోని కొవ్వు వల్ల కలం నుంచి జారిన రంగు పోగుల వెంట పాకకుండా గీసిన చోటే నిలుస్తుంది. బెల్లంనీళ్ళలో తుప్పు ఇనుము ఊరబెట్టి చేసిన కసిమితో నల్లగీతలు వేసేవారు. ఎరుపు కావలసిన చోట పటికనీళ్ళు పెట్టి, ఆ తర్వాత బట్టను చిరివేరు కషాయంలో ఉడకబెట్టేవారు. ఎరుపు పటిక ఉన్న చోటే పట్టుకుంటుంది, మిగతాది ఉతుకులో పోతుంది. ఈ చిరివేరు సముద్రతీరపు ఇసుక నేలల్లో పెరుగుతుంది. గవ్వల సున్నం కలిసిన ఆ నేలలో పెరిగిన వేరుకే నిప్పులాంటి ఎరుపు వస్తుందని అద్దకం వాళ్ళకు తెలుసు. కృష్ణ ముఖద్వారం దగ్గరి నిజాంపట్నం వేరుకు ఆ పేరు ఉండేది. ఐరోపాలో ఆనాటి అద్దకపు రంగు ఉతికితే పోయేది, ఇది ఉతికిన కొద్దీ తేటపడేది. లండన్‌లో, పారిస్‌లో జనం దీని మీద ఎగబడటానికి ఇంతకంటే వేరే కారణం వెతకనక్కర్లేదు.

ఇప్పుడు బేరగాళ్ళ సంగతి. 17వ శతాబ్దంలో మచిలీపట్నంలో డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, డేన్లు ఉన్నారు. 1669లో ఫ్రెంచివాళ్ళు వచ్చారు. అంతకు ముందు నుంచీ పర్షియా వర్తకులు, ఆర్మీనియన్లు, కోమట్లు, చూలియా ముస్లింలు బర్మా నుంచి పర్షియా దాకా ఓడలు నడుపుతూనే ఉన్నారు. బట్ట ముందే నేసిపెట్టి అమ్మే పద్ధతి కాదు. వర్తకుడు బయానా ఇస్తాడు, ఆ సొమ్ముతో నేతగాడు నూలు కొంటాడు, నెలలు పట్టి నేస్తాడు. ఈ బయానాను చూసి నేతగాడు అప్పుల్లో కూరుకుపోయిన బానిస అనుకోవడం పొరపాటు. ఇచ్చినవాడు మాట వెనక్కి తీసుకోవడం కష్టం. పుచ్చుకున్నవాడు మాత్రం ఇంకొకడు ఎక్కువ ఇస్తానంటే బయానా తిరిగి పారేసి అటు తిరగగలడు. నచ్చకపోతే వాడకు వాడే మగ్గాలెత్తుకుని మరో జమీలోకి వలస పోయేది. దొరలు, పాళెగాళ్ళు కూడా వచ్చినవాళ్ళను పిలిచి చోటిచ్చేవాళ్ళు, ఎందుకంటే మగ్గం ఉంటే పన్ను ఉంటుంది. కాదనగలగడమే నేతగాడి ఆస్తి.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. గోల్కొండ కాలం అంత చల్లగా ఏమీ లేదు కదా అని అడగవచ్చు. నిజమే. 1618 నుంచి 1622 దాకా మచిలీపట్నంలో ఉన్న విలియం మెథ్వోల్డ్, పాలనాధికారాన్ని ఏటేటా ఎక్కువ పాడినవాడికి గుత్తకిచ్చే తీరును రాశాడు. పాట పాడినవాడు ఆ ఏడాదిలోనే పెట్టుబడి రాబట్టుకోవాలి, ఆ బరువు చివరకు చేతిపని చేసేవాడి వీపు మీదే పడుతుంది. 1630 ప్రాంతాల కరువు, 1680ల కరువు, 1687లో ఔరంగజేబు చేతిలో గోల్కొండ పతనం, ఇవన్నీ నేతవాడలను ఖాళీ చేశాయి. సన్నబియ్యం ధర పెరిగిన ఏడు మగ్గం ఆగిపోయేది. నేను ఆ కాలాన్ని స్వర్ణయుగమని అనను. కానీ పేదరికం వేరు, బేరం చేసే హక్కు లేకపోవడం వేరు. కరువు తీరిన ఏడు మనిషి తిరిగి లేవడానికి ఆ హక్కే ఊతం. తర్వాతి కాలంలో వానలు బాగా పడిన ఏళ్ళలో కూడా ఆ ఊతం దొరకలేదు.

మొదటి దెబ్బ ఇక్కడ పడలేదు, సముద్రాలకు ఆవల పడింది. 1686లో ఫ్రాన్స్ అద్దకపు బట్టను నిషేధించింది, ఆ నిషేధం 1759 దాకా సాగింది. ఇంగ్లండులో 1697లో నేతపనివాళ్ళు వీధుల్లోకి వచ్చారు. 1700లో ఒక చట్టం చేసి తూర్పు దేశాల రంగుల బట్ట వాడకాన్ని ఆపారు. 1719లో లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ నేతపనివాళ్ళు దారిన పోయే ఆడవాళ్ళ ఒంటి మీది కాలికో (మన నూలుబట్ట) గుడ్డలను చింపేశారు. 1721లో వచ్చిన చట్టం అద్దకపు కాలికో కట్టుకున్నవాళ్ళకు 5 పౌన్లు, అమ్మినవాళ్ళకు 20 పౌన్లు జరిమానా వేసింది. పూర్తిగా నీలం అద్దిన బట్ట, మస్లిన్ల వంటి కొన్నిటిని మాత్రం వదిలింది. 1774 దాకా అది అమల్లో ఉంది. స్వేచ్ఛా వాణిజ్యం గురించి ప్రపంచానికి పాఠాలు చెప్పిన దేశం తన నేతపరిశ్రమను మూడు తరాలపాటు గోడకట్టి కాపాడుకుందన్నది మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఇంకా స్పష్టంగా ఉండాలి.

ఇక్కడ ఇంకో మాట వస్తుంది. నిషేధాల తర్వాత కూడా కంపెనీలు మన తీరం నుంచి బట్ట కొనడం మానలేదు, మరి నష్టమేమిటని. కొన్నారు, కానీ ఏది కొన్నారో చూడాలి. అద్దకం ఐరోపాలోనే చేసుకుంటూ, ఇక్కడి నుంచి తెల్లబట్టనే ఎక్కువగా పట్టుకుపోయారు. చిరివేరులో, కరక్కాయలో, కలం పట్టిన చేతిలో ఉన్న విలువ లండన్ అద్దకశాలలకు తరలిపోయింది. రంగు బట్ట ఇంగ్లండులో దిగినా మళ్ళీ బయటికి పంపాలి. దానిలో చాలా భాగం పశ్చిమాఫ్రికాకు పోయి బానిసలను కొనడానికి మారకమైంది. మన తీరపు ఆడవాళ్ళు వడికిన నూలు, ఏ పాపం ఎరుగని ఆ నూలు, అట్లాంటిక్ సముద్రం మీద మనుషుల ధరగా లెక్కకు వచ్చింది. ప్రపంచ వాణిజ్యం గొప్పతనం గురించి రాసేటప్పుడు ఈ వాక్యం దాటిపోవడం నా వల్ల కాదు.

రెండో దెబ్బ ఫిరంగిది. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు సైన్యపు కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళ దగ్గర నుంచి మచిలీపట్నం కోటను గెలిచాడు. 1765లో మొగలు పాదుషా ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం వచ్చి ఉత్తర సర్కార్లనే ఈ తీరపు జిల్లాలు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ పరమయ్యాయి. 1781లో ఇంగ్లీషువాళ్ళు ఈ తీరంలోని డచ్చి స్థావరాలను పట్టుకున్నారు. తర్వాత తిరిగిచ్చినా ఆ వ్యాపారం కోలుకోలేదు. 1793లో ఫ్రెంచివాళ్ళ చేతి నుంచి యానాం పోయింది. 1799తో డచ్చి కంపెనీయే అంతరించింది. ఒక తరం గడిచేసరికి కొనేవాడూ పన్ను వసూలు చేసేవాడూ తీర్పు చెప్పేవాడూ ఒక్కడే అయ్యాడు. ఇంజరం, మాధవాయిపాలెం, విశాఖపట్నం కోఠీల, అంటే కంపెనీ కొనుగోలు కేంద్రాల, పరిధిలో కంపెనీ బయానా పుచ్చుకున్నవాడు బయటివాళ్ళకు నేయకూడదు. గడువు దాటితే జవాను వచ్చి ఇంటి ముందు కూర్చుంటాడు, వాడి బత్తెం కూడా నేతగాడే పెట్టుకోవాలి. బట్ట నాణ్యతను పుంజాల్లో లెక్కపెట్టేవారు, పుంజమంటే పడుగులో 120 పోగులు. కోఠీ గదిలో గుమాస్తా ఆ పోగులు లెక్కపెట్టి, తానును ఒకటో రకం నుంచి మూడో రకానికి దింపితే ఆ దింపిన ధరే ఖాయం. ఇదివరకైతే దించిన తానును చంకన పెట్టుకుని పక్కవీధిలోని ఫ్రెంచి దళారి దగ్గరకు పోయేవాడు. ఇప్పుడు పక్కవీధిలో ఎవరూ లేరు. సాలెలు, దేవాంగులు, కైకోలలు ఊరుకోలేదు. 18వ శతాబ్దం చివర గోదావరి, విశాఖ ప్రాంతాల్లో మగ్గాలు ఆపారు, గుంపులుగా కూడి కోఠీల మీదికి వెళ్ళారు, అర్జీలు పెట్టుకున్నారు. పాత ఆయుధమైన వలసను కూడా ఎత్తారు. కానీ ఏ జమీలోకి పోయినా అక్కడ కూడా కంపెనీయే ఉంది.

యంత్రం రాక తప్పేది కాదు కదా, కంపెనీ లేకపోయినా మాంచెస్టర్ నూలు వచ్చి ముంచేది కదా అన్నది చివరి అభ్యంతరం. ఈ వాదనలో బలముంది, 1820ల తర్వాత మిల్లు నూలూ మిల్లు బట్టా మన అంగళ్ళలో చేసిన విధ్వంసాన్ని ఎవరూ కాదనలేరు. అయినా తేదీల వరుస చూడాలి. ఆర్క్‌రైట్ నూలు యంత్రానికి హక్కు పొందింది 1769లో, క్రాంప్టన్ చేసిన మ్యూల్ అనే మరో నూలు యంత్రం వచ్చింది 1779లో. మన నేతగాళ్ళు జవాన్ల కాపలా కింద నేయడం మొదలైన కాలమూ అదే. అప్పటికి మిల్లు బట్ట ఒక్క గజం కూడా ఈ తీరాన దిగలేదు. పైగా ఆ యంత్రం శూన్యంలో పుట్టలేదు. మన బట్ట రుచి మరిగిన జనం, మన బట్ట రాకుండా కట్టిన గోడ, ఈ రెండిటి మధ్య ఇంగ్లీషు వర్తకుడికి దొరికిన ఖాళీలో పుట్టింది. ఆ తర్వాత కూడా దాన్ని బరిలో ఒంటరిగా వదల్లేదు. 1813 నాటికి ఇంగ్లండులో మన తెల్ల కాలికో మీద సుంకం 70 శాతం దాటింది, వాళ్ళ బట్ట మన రేవుల్లో దిగేటప్పుడు మాత్రం సుంకం నామమాత్రం. యంత్రంతో పోటీలో ఓడిపోయామని చెప్పాలంటే ముందు పోటీ జరిగి ఉండాలి.

మాధవాయిపాలెం నరసాపురం పక్కన గోదావరి ఒడ్డున ఉంది. అక్కడి కోఠీలో కొన్న మెత్తటి తెల్లబట్టకు ఇంగ్లీషువాళ్ళ నోట ఆ ఊరి పేరు మదపొల్లంగా మారి స్థిరపడింది. ఆ కోఠీ ఉన్న నేలను గోదావరి కోసుకుపోయింది. 19వ శతాబ్దంలో లాంకషైర్ మిల్లులు అలాంటి బట్టను నేసి, అదే పేరుతో మూటలు కట్టి, ఓడల్లో మన దేశానికి పంపి అమ్ముకున్నాయి.