తాళాల గుత్తిలో దీపం

తాళాల గుత్తికి తగిలించుకునే బుల్లి టార్చిలైటు రావాలంటే ముందు రెండు వస్తువులు చిక్కిపోవలసి వచ్చింది. ఒకటి కరెంటిచ్చే సెల్లు, రెండోది వెలుగిచ్చే బల్బు. అందుకు దాదాపు నూరేళ్లు పట్టింది.

ద్రవం నింపిన పాత సెల్లు వంచితే ఒలికిపోయేది. 1880లలో జర్మనీకి చెందిన కార్ల్ గాస్నర్ ఒలకని డ్రై సెల్లు తయారుచేయడంతో చేతిదీపానికి దారి తెరుచుకుంది. న్యూయార్కులో ఉంటున్న ఆంగ్లేయుడు డేవిడ్ మిసెల్ ఒక గొట్టంలో సెల్లులను వరసగా పేర్చి, కొసన బల్బు బిగించాడు. 1899 జనవరి 10న దానికి పేటెంటు వచ్చింది. కాన్రాడ్ హ్యూబర్ట్ కంపెనీ ఆ దీపాలను తయారుచేసి అమ్మింది. అప్పటి సెల్లులకు సత్తువ తక్కువ. కాసేపు వెలిగించి, ఆర్పి, మళ్లీ వెలిగించాలి. అమెరికన్లు దాన్ని ఫ్లాష్‌లైటు అన్నది అందుకే. బ్రిటిషువారికి అది టార్చి. తెలుగు పల్లెల్లో బ్యాటరీ లైటు, చాలామంది నోట ఉత్త ‘బ్యాటరీ’.

1910 తర్వాత బల్బులో కార్బన్ తీగ పోయి టంగ్‌స్టన్ తీగ రావడంతో వెలుగు పెరిగింది. అయినా పొలం గట్టు మీద పాము కనబడాలంటే రెండు మూడు లావు సెల్లులు మోయక తప్పలేదు. 1988లో మ్యాగ్‌లైట్ కంపెనీ తెచ్చిన సాలిటేర్‌కు టీవీ రిమోటులో వేసే సన్న సెల్లు ఒక్కటి చాలు. దాన్ని తాళాల గుత్తికి తగిలించుకోవచ్చు. కానీ బల్బు పాతదే. కరెంటులో ఎక్కువ భాగం వేడిగా పోయేది. గుత్తి గట్టిగా కిందపడితే తీగ తెగే ప్రమాదమూ ఉండేది.

ఆ చిక్కు ఎల్‌ఈడీతో తీరింది. జపాన్‌లోని నిచియా కంపెనీలో షుజి నకమురా 1993లో ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీని సాధించాడు. దానిపై పసుపు వెలుగునిచ్చే ఫాస్ఫర్ అనే పదార్థం పూయగా, 1996లో తెల్ల ఎల్‌ఈడీ బజారుకొచ్చింది. నీలి ఎల్‌ఈడీకి 2014లో నకమురాతో పాటు ఆ పనిలోనే ఉన్న శాస్త్రవేత్తలు అకసాకి, అమానోలకు నోబెల్ బహుమతి దక్కింది.

ఎల్‌ఈడీ బిగించిన గుత్తి దీపాన్ని విప్పితే కనబడేది చాలా కొద్ది. తెల్ల ఎల్‌ఈడీకి 3 వోల్టులకు కాస్త పైన కావాలి కాబట్టి, 1.6 మిల్లీమీటర్ల మందం గల రెండు బిళ్ల సెల్లులు ఒకదానిపై ఒకటి ఉంటాయి. ఎల్‌ఈడీ కాళ్లు రెండూ వాటికి చెరోవైపు నిలుస్తాయి. పైపెంకును నొక్కితే విడిగా ఉన్న కాలు సెల్లును తాకుతుంది, దీపం వెలుగుతుంది. కరెంటు హద్దు మీరకుండా చూడడానికి చాలా దీపాల్లో వేరే భాగమేదీ ఉండదు. సెల్లుల్లోని అంతర్నిరోధమే ఆ పని చేస్తుంది.

2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య ప్రాంతంలో, కెనడాలోని ఆంటారియోలో కరెంటు పోయి సుమారు 5 కోట్ల మంది చీకట్లో చిక్కుకున్నారు. న్యూయార్కు సొరంగాల్లో రైళ్లు ఆగిపోయాయి. అలాంటప్పుడు ఇంట్లో అరలో ఉన్న పెద్ద టార్చి అక్కరకు రాదు. ఒంటి మీద ఉన్నదే దీపం. అదే ఏడాది వచ్చిన నోకియా 1100 ఫోనులోనూ టార్చి ఉంది. నేడు దాదాపు ప్రతి ఫోనులోనూ ఉంది. అయినా గుత్తి దీపానికి విడిగా సెల్లు ఉంటుంది కనుక, ఫోను ఛార్జింగు అయిపోయిన రాత్రి కూడా అది తాళం కన్నం చూపిస్తుంది.