అడ్డపొగ
చుట్టను వెలిగించి, నిప్పున్న కొసను నోటిలోపల ఉంచుకొని పొగ పీల్చే పద్ధతి. ఉత్తరాంధ్ర తీరంలోనూ, అరకు వైపు గిరిజన పల్లెల్లోనూ ఇది ప్రధానంగా స్త్రీల అలవాటు. పైపు వంటి పరికరం అక్కరలేదు. ఎండలో ఆరిన నాటుపొగాకే గొట్టమూ, లోపలి సరుకూ. పెదవులు మూసి ఉంచడంతో చుట్ట లాలాజలానికి తడిసి నెమ్మదిగా కాలుతుంది, మామూలు చుట్టకంటే ఎక్కువసేపు వస్తుంది, గాలికి ఆరదు. ఆ సౌకర్యానికి చెల్లించే వెల చాలా పెద్దది: వేడీ పొగా నేరుగా అంగిలికే తగులుతాయి. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి పిండ్‌బోర్గ్, మెహతా బృందం 1971లో ప్రచురించిన అధ్యయనం ఈ అలవాటు వల్ల అంగిలిపై వచ్చే మచ్చలనూ పుండ్లనూ వివరించింది. ఇతర చోట్ల అరుదైన గట్టి అంగిలి క్యాన్సర్ ఇక్కడ ఎక్కువగా కనిపించడానికి అడ్డపొగే ముఖ్య కారణం.