గోడమీది సంఖ్య – గుమాస్తా పుస్తకము

మార్కాపురమునందలి ఒక పలకల గిడ్డంగిని ఊహించుకొందము. గోడపై అరల సంఖ్యలు వ్రాసియున్నవి. స్థలము కలిసివచ్చుటకై గుమాస్తా కొంత సరుకును వేరు అరలకు మార్చి, ఏ సంఖ్యకు ఇప్పుడు ఏ అర యనునది తన పుస్తకములో వ్రాసికొనెను. పుస్తకము చూచువారికి చిక్కు లేదు. గోడమీది సంఖ్యనే నమ్మి సరుకు దింపిపోవు బండివాని సంగతి యేమి? 1990 ప్రాంతమున డాస్ కంప్యూటరులలో జరిగినది ఇదియే.

1981లో ఐ.బి.యం. వారు వెలువరించిన పర్సనల్ కంప్యూటరులోని 8088 ప్రాసెసరు 1024 కిలోబైటుల మెమరీని మాత్రమే గుర్తింపగలదు. అందు 640 ప్రోగ్రాములకు. మిగిలిన 384 తెరకును, యంత్రమునందలి స్థిర ప్రోగ్రాములకును కేటాయింపబడినవి. ఈ పైభాగమున ఖాళీ చిరునామాలు చాల యుండెడివి. క్రింద మాత్రము ఇరుకు. 1985లో వచ్చిన 80386 ప్రాసెసరు మెమరీని 4 కిలోబైటుల పుటలుగా విభజించి, ఎక్కడనో యున్న పుటను ఆ ఖాళీ చిరునామాలో నున్నట్లు చూపగలదు. క్వార్టర్‌డెక్ వారి క్యూ.ఇ.యం.యం., 1991లో ఎం.ఎస్. డాస్ 5తో వచ్చిన ఇ.యం.యం. 386 ఇట్టి మెమరీ మేనేజరులు. ఇవియే మన గుమాస్తాలు.

సామాన్యమైన ఐ.డి.ఇ. డిస్కునకు బాధ లేదు. అచట సమాచారమును ప్రాసెసరే మోయును. పుస్తకము దానికి తెలియును. అడాప్టెక్ 1542 వంటి స్కసీ కార్డులు అట్లు కాదు. అవి ప్రాసెసరుతో నిమిత్తము లేక తామే మెమరీలో చదువును, వ్రాయును. డ్రైవరు ఇచ్చిన చిరునామాను గోడమీది సంఖ్యగానే గ్రహించును. అది మార్చిన పుటకు చెందినదైనచో, డిస్కునుండి వచ్చిన సమాచారము కావలసిన చోటికి చేరదు. డిస్కుపై వ్రాయునప్పటి ప్రమాదము ఇంకను పెద్దది: సంబంధము లేని బైటులు డిస్కున కెక్కి ఫైళ్లు పాడగును. ఇందుకు డ్రైవరు వ్రాసినవారిని నిందించుట న్యాయముగా తోచదు. వారు నేర్చిన యంత్రమున చిరునామాయు, స్థలమును ఒక్కటే.

1990లో మైక్రోసాఫ్టు వారు ఒక పద్ధతి ప్రకటించిరి. దాని ప్రకారము డ్రైవరు ముందుగా మేనేజరును నిజమైన స్థలము అడిగి తెలిసికొనును. ఈ పద్ధతి యెరుగని పాత డ్రైవరుల కొరకు స్మార్ట్‌డ్రైవ్ ప్రోగ్రాము వేరొక ఉపాయము చూపెను. సమాచారము మొదట మార్పు లేని క్రింది మెమరీలో దిగును. పిదప ప్రాసెసరు దానిని గమ్యమునకు చేర్చును. ఇరుకును తగ్గించుటకై బయలుదేరిన ప్రయత్నము చివరకు ఆ ఇరుకు చోటనే కొంత స్థలమును తినివేసినది!

1993 నాటి డాస్ 6 గల యంత్రమున స్మార్ట్‌డ్రైవ్ అని టైపు చేసినచో ఒక పట్టిక కనబడును. అందలి బఫరింగు వరుసలో ప్రతి డిస్కునకు ఎదుట ‘నో’ అని యున్నచో, ఆ యంత్రమునకు ఈ రెండింతల మోత అక్కరలేదు.